మందు సీసా పక్కన పెట్టి ముందు లైటు తగ్గించండి

ఎండలు ముదిరితే చాలు, ఈ శీర్షికకి వచ్చే ప్రశ్నలన్నీ నాచు చుట్టూనే తిరుగుతాయి. ఈసారీ అంతే, అందుకే మొత్తం నాచు ప్రశ్నలే తీసుకున్నాను, అవి కూడా మొక్కలు వేసిన చిన్న అక్వేరియం ట్యాంకులవి. మొదటి జవాబు బాగా పొడుగైంది, ఎందుకంటే ఆ ప్రశ్న పంపినావిడ రాసిన ఇబ్బంది దాదాపు అందరి ఇళ్ళలో ఉండేదే.

ప్రశ్న: మాది ఒకటిన్నర అడుగు ట్యాంక్, 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. ఎనిమిది గప్పీలు, కొన్ని చెర్రీ ష్రింప్‌లు (చిన్న రొయ్యలు) ఉన్నాయి. మొక్కలు అనుబియాస్, జావా ఫెర్న్, వెనకాల కొంచెం వాలిస్నేరియా. పెట్టి ఆరు నెలలైంది. ఇప్పుడు అనుబియాస్ ఆకుల అంచుల మీద నల్లటి కుచ్చులు వస్తున్నాయి, గీకినా ఊడట్లేదు, అద్దం మీదేమో పచ్చటి చుక్కలు. పిల్లలు చూస్తారని లైటు పొద్దున ఏడు నుంచి రాత్రి పది దాకా వేసే ఉంచుతాం. షాపతను ఆల్గే కిల్లర్ అని నాచు చంపే మందు ఒక సీసా ఇచ్చాడు, నాచు తింటుంది, ఒక సక్కర్ ఫిష్ కూడా వేసుకోండి మేడమ్ అన్నాడు. వేయమంటారా? – ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: రెండూ వద్దమ్మా. ముందు ఆ సీసా మీద ఏం రాసుందో చదవండి. కాపర్ సల్ఫేట్ గానీ ఇంకే రకం రాగి గానీ ఉందంటే మీ ష్రింప్‌లు దక్కవు, నత్తలున్నా అంతే, రాగి వాటికి చాలా తక్కువ మోతాదులోనే విషం. అసలు ఏం కలిపారో రాయని సీసాలు కూడా అమ్ముతుంటారు, అలాంటిదైతే మూత కూడా తీయకండి. పోనీ రాగి లేని మందే అనుకుందాం, వేస్తే ఏమవుతుంది, నాచు చచ్చి ఆ నీళ్ళలోనే కుళ్ళుతుంది, కుళ్ళితే అమోనియా వస్తుంది, ఆ అమోనియా తిని మళ్ళీ నాచే మొలుస్తుంది. ఎందుకు వచ్చిందో ఆ కారణం కదల్లేదు కదా.

ఆ కారణం మీరే రాశారు. రోజుకి 15 గంటల లైటు. అనుబియాస్, జావా ఫెర్న్ రెండూ చాలా నిదానం మొక్కలు, అనుబియాస్ ఒక కొత్త ఆకు వేయడానికి వారాలు పడుతుంది, వాటికి కావాల్సిన వెలుతురు కొంచెమే. ఇంట్లో ఇద్దరుంటే ఇరవై మందికి వండినట్టుంది మీ లెక్క, మిగిలిందంతా నాచుకే పోతోంది. అందులోనూ అనుబియాస్ ఆకు నెలల తరబడి అలాగే ఉంటుంది, ఆ పాత ఆకు అంచు మీదే నల్ల కుచ్చులు కుదురుకుంటాయి. దాన్ని బ్లాక్ బియర్డ్ ఆల్గే అంటారు, చూడ్డానికి నల్లగా ఉన్నా నిజానికి అది ఎర్ర నాచు జాతి, అందుకే చచ్చేటప్పుడు దాని రంగు బయటపడుతుంది, ఆ సంగతి కింద చెప్తాను.

కాబట్టి మొదటి పని ఒక టైమర్ ప్లగ్ కొనండి. గుండ్రటి డయల్ ఉండే మామూలు మెకానికల్ టైమర్ చాలు, ఎలక్ట్రికల్ షాపులో దొరుకుతుంది. రోజుకి 6 గంటలు పెట్టండి. పిల్లలు స్కూల్ నుంచి వచ్చే వేళకి వెలగాలంటే సాయంత్రం నాలుగు నుంచి పది దాకా పెట్టుకోండి, మొక్కలకి పొద్దున్నే వెలుతురు ఉండాలని ఏం లేదు, రోజూ ఒకే టైముకి వరసగా దొరికితే చాలు. పగలు గదిలో ఉండే వెలుతురుతో చేపలకి ఏ ఇబ్బందీ లేదు. అయితే కిటికీ నుంచో బాల్కనీ నుంచో నేరుగా ఎండ ట్యాంక్ మీద పడుతుంటే మాత్రం కర్టెన్ వేయాల్సిందే, లేకపోతే టైమర్ పెట్టి కూడా ఉపయోగం లేదు. ఓ నాలుగు వారాలు చూడండి, కొత్త ఆకుల మీద కుచ్చులు రావట్లేదంటే 7 గంటలు చేసుకోవచ్చు, 8 దాటొద్దు. లైటు డబ్బా మీద ల్యూమెన్లు, అంటే వెలుతురు కొలత, ఎంతో రాసుంటే అది కూడా చూడండి, మీరు పెంచే మొక్కలకి లీటరుకి 10 నుంచి 20 ల్యూమెన్లు సరిపోతాయి, మీ ట్యాంక్ 40 లీటర్లు కాబట్టి 400 నుంచి 800 మధ్య. అంతకంటే ఎక్కువుంటే లైటుని కాస్త ఎత్తులో పెట్టండి.

రెండో పని, మొక్కలు పెంచండి, అవి కూడా గబగబా పెరిగే రకాలు. హైగ్రోఫిలా పాలీస్పెర్మా, వాటర్ విస్టీరియా, హార్న్‌వర్ట్, గప్పీ గ్రాస్, వీటిలో ఏ రెండైనా వేయండి. హైగ్రోఫిలా అంటే మన చెరువు గట్ల దగ్గర కనపడే నీరుగొబ్బి జాతే, మన నీళ్ళకి బాగా అలవాటైన మొక్క, కొమ్మ తుంచి గుచ్చితే బతికేస్తుంది. ఇంట్లో మనీ ప్లాంట్ ఉంటే ఒక తీగ వేర్లు మాత్రం నీళ్ళలో మునిగేలా, ఆకులు బయట ఉండేలా పెట్టండి, ఆకులకి గాలిలోని కార్బన్ డయాక్సైడ్ దొరుకుతుంది కాబట్టి అది పెరిగే స్పీడుకి నీళ్ళలో నాచుకి మేతయ్యే నైట్రేట్‌ని చాలావరకు లాగేసుకుంటుంది. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉపాయం ఇదే, ఖర్చు లేదు, ఎవరింట్లో అయినా కుదురుతుంది.

ఇక ఇప్పటికే ఉన్న కుచ్చులు. బాగా పట్టేసిన ముసలి ఆకుల్ని మొహమాటం లేకుండా కాడ దగ్గరికి కత్తిరించేయండి, అనుబియాస్‌కి ఏం కాదు. మిగతా ఆకుల కోసం హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు, కానీ ఇక్కడ చాలామంది దెబ్బతింటారు కాబట్టి జాగ్రత్తగా వినండి. విదేశీ వీడియోల్లో చెప్పే కొలతలన్నీ 3 శాతం ద్రావణానికి చెప్పేవి. మన మెడికల్ షాపుల్లో మామూలుగా ఇచ్చేది 20 వాల్యూమ్ అని రాసుండే సీసా, అంటే 6 శాతం, సరిగ్గా రెట్టింపు. అందుకే దానికి అంతే నీళ్ళు కలిపి 3 శాతం చేసుకున్నాకే వాడాలి. ష్రింప్‌లు ఉన్న ట్యాంక్ కాబట్టి నీళ్ళలో పోయొద్దు, అనుబియాస్‌ని రాయితోనో కట్టెతోనో సహా బయటికి తీసి, కుచ్చుల మీద మాత్రం చిన్న బ్రష్‌తో అద్ది, రెండు నిమిషాలాగి, మంచినీళ్ళలో బాగా కడిగి మళ్ళీ లోపల పెట్టేయండి. అద్దగానే కుచ్చుల మీద సన్నటి బుడగలు పొంగుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఆ నలుపు గులాబీ రంగులోకి తిరుగుతుంది, నేను చెప్పింది ఆ రంగే, అప్పుడు చచ్చినట్టు లెక్క, తర్వాత బూడిద రంగుకొచ్చి మెత్తబడుతుంది. బతికున్నప్పుడు ముట్టుకోని మీ ష్రింప్‌లే అప్పుడు దాని మీద కూర్చుని చిన్నచిన్న చేతులతో గిల్లుకుని తింటాయి, పిల్లల్ని పిలిచి చూపించండి, చాలా బాగుంటుంది.

లిక్విడ్ కార్బన్ అని అమ్మేది కూడా నల్ల కుచ్చుల మీద పనిచేస్తుంది, అయితే అందులో ఉండేది గ్లూటరాల్డిహైడ్ కాబట్టి మీ వాలిస్నేరియా కరిగిపోతుంది, మీకు వద్దు. అద్దం మీద పచ్చ చుక్కలకి పాత ఏటీఎం కార్డు అంచుతో గీకితే సరిపోతుంది, మొండికేస్తే బ్లేడు వాడండి, అక్రిలిక్ ట్యాంక్ అయితే మాత్రం బ్లేడు వద్దు, గీతలు పడిపోతాయి. వారానికోసారి ఒక బకెట్, అంటే 10–12 లీటర్లు తీసి కొత్త నీళ్ళు పోయండి, కుళాయి నీళ్ళైతే యాంటీ క్లోరిన్ కలిపాకే. మేత రెండు నిమిషాల్లో తినేసేంతే వేయండి, వారంలో ఒక రోజు వేయకపోయినా గప్పీలకి ఏం కాదు. సక్కర్ ఫిష్ ఎందుకు వద్దన్నానో చివరి ప్రశ్నలో తెలుస్తుంది.

ప్రశ్న: మా రెండడుగుల ట్యాంక్‌లో నీళ్ళే పచ్చగా అయిపోయాయి సార్, వెనకాల ఉన్న చేప కూడా కనపడట్లేదు. మొత్తం నీళ్ళు తీసేసి, గులకరాళ్ళు కడిగి, ఫిల్టర్ స్పాంజి కుళాయి కింద శుభ్రంగా పిండి మళ్ళీ పెట్టాను, నాలుగు రోజులకి మళ్ళీ అదే రంగు. ఇంకేం చేయాలి? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అంత శుభ్రంగా కడగడం వల్లే మళ్ళీ వచ్చింది. చేపల వ్యర్థం నుంచి వచ్చే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని మళ్ళీ నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలో, ఆ గులకరాళ్ళ మీద. క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళలో పిండితే అవి పోతాయి, అమోనియా పోగవుతుంది, నీళ్ళలో తేలే ఒంటి కణం నాచుకి కావాల్సింది అదే, పైగా కిటికీ ఎండ కూడా తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. స్పాంజిని ఎప్పుడైనా ట్యాంక్‌లోంచి తీసిన పాత నీళ్ళలోనే పిండాలి.

ఇప్పుడు లైటు పూర్తిగా ఆపేసి, ట్యాంక్ చుట్టూ నల్ల గుడ్డో మందపాటి దుప్పటో కప్పి మూడు నుంచి నాలుగు రోజులు ఉంచండి. మేత వేయకండి, ఫిల్టర్ ఆపకండి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ తప్పకుండా నడవాలి. భీమవరం, కైకలూరు వైపు చెరువుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం చూసే ఉంటారు, నీళ్ళలో ఉన్న నాచు రాత్రంతా ఆక్సిజన్ వాడేసుకోవడం వల్లే అది, ఏరేటర్లు ఆ వేళకి తిప్పేది కూడా అందుకే. కప్పిన ట్యాంక్‌లో కూడా సరిగ్గా అదే జరుగుతుంది, చచ్చిన నాచు కుళ్ళడానికి ఇంకాస్త ఆక్సిజన్ పడుతుంది. గుడ్డ తీశాక సగం నీళ్ళు మార్చండి, ఓ రెండు రోజులాగి మళ్ళీ కొంచెం మార్చండి. తర్వాత, ట్యాంక్ కిటికీ దగ్గరుంటే అక్కణ్ణుంచి జరపండి. అప్పటికీ తగ్గకపోతే చిన్న యూవీ ఫిల్టర్ పెడితే కొద్ది రోజుల్లోనే తేటపడుతుంది. అయితే ఒకటి, ఆ పచ్చ నీళ్ళ వల్ల చేపలకి నేరుగా హాని లేదు, కంగారుపడి రోజూ నీళ్ళు మార్చి వాటిని ఇబ్బంది పెట్టకండి.

ప్రశ్న: ట్యాంక్ పెట్టి మూడు వారాలు. ఇసుక మీద, ఆకుల మీద గోధుమ రంగు పొడిలాగా పడుతోంది, వేలితో రుద్దితే పోతోంది, మళ్ళీ వస్తోంది. బోరు నీళ్ళు వాడుతున్నాం. – ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఏం చేయకండి. అవి డయాటమ్స్ అనే సూక్ష్మమైన నాచు, కొత్త ట్యాంకుల్లో చాలావరకు వస్తాయి, బోరు నీళ్ళలో ఉండే సిలికాతో వాటి గోడలు కట్టుకుంటాయి. ట్యాంక్ కుదురుకునేకొద్దీ వాటంతట అవే తగ్గుతాయి. చూడ్డానికి బాగోలేదనిపిస్తే మెత్తటి టూత్‌బ్రష్‌తో ఆకుల్ని తుడిచి నీళ్ళు మార్చండి, లేదా ఒకట్రెండు నెరైట్ నత్తలు తెచ్చుకోండి, అవి ఈ గోధుమ నాచుని శుభ్రంగా నాకేస్తాయి. అక్కడక్కడా తెల్లటి గుడ్లు పెడతాయి గానీ మంచినీళ్ళలో అవి పిల్లలు కావు, కాబట్టి నత్తలు నిండిపోతాయని భయం లేదు.

ప్రశ్న: మాకు దానిమ్మ తోట ఉంది, డ్రిప్‌లో వదిలే 19-19-19 ఎరువు ఇంట్లో బస్తా ఉంది. ట్యాంక్‌లో మొక్కలు పసుపెక్కుతున్నాయి, చిటికెడు వేస్తే సరిపోతుందా, లేక ఎరువు వేస్తే నాచు పెరుగుతుందా? 40 లీటర్ల ట్యాంక్, చేపలున్నాయి. – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ, 19-19-19 మాత్రం చిటికెడు కూడా వేయొద్దు. అందులో నత్రజని యూరియా రూపంలో, అమ్మోనియం రూపంలో కూడా ఉంటుంది, మన బోరు నీళ్ళ పీహెచ్ సాధారణంగా 7 పైనే కాబట్టి ఆ అమ్మోనియంలో కొంత విషపు అమోనియాగా మారుతుంది, చేపలు పోతాయి, నాచు విరగబడుతుంది. డీఏపీ, యూరియా కూడా అంతే, వాటి జోలికే పోవద్దు.

నీకు కావాల్సినవి అదే ఎరువుల షాపులో పక్కనే ఉంటాయి, 13-0-45, 0-52-34. మొదటిది పొటాషియం నైట్రేట్, రెండోది మోనో పొటాషియం ఫాస్ఫేట్, రెండిట్లోనూ అమోనియా లేదు. అక్వేరియం షాపుల్లో చిన్న సీసాలో పోసి ఎక్కువ ధరకి అమ్మే మాక్రో ఫర్టిలైజర్లలో చాలావాటికి మూలం ఈ లవణాలే. అర లీటరు ఆర్వో నీళ్ళలో 13-0-45 పది గ్రాములు కలుపు, ఇంకో అర లీటరు సీసాలో 0-52-34 రెండు గ్రాములు కలుపు. వారానికోసారి, నీళ్ళు మార్చిన తర్వాత, ఒక్కోదాంట్లోంచి 10 మిల్లీలీటర్లు పోయి. 40 లీటర్లకి అది లీటరుకి సుమారు 3 మిల్లీగ్రాముల నైట్రేట్, 0.7 మిల్లీగ్రాముల ఫాస్ఫేట్ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెట్టని ట్యాంక్‌కి ఆ మోతాదు చాలు. సీసాల మీద పేరు రాసి చిన్నపిల్లలకి అందకుండా పెట్టు. ముందు మీ బోరు నీళ్ళలో నైట్రేట్ ఎంతుందో టెస్ట్ కిట్‌తో ఒకసారి చూడు, పొలాల మధ్య బోర్లలో అది ముందే ఎక్కువుండొచ్చు, అలా ఉంటే మొదటి సీసా అవసరమే లేదు.

ఎరువు వేస్తే నాచు వస్తుందా అన్నావు. మొక్కలు ఆకలితో ఆగిపోయిన ట్యాంక్‌లోనే నాచు ఎక్కువ పడుతుంది. ఫాస్ఫేట్ మరీ తగ్గితే అద్దం మీద, ముదురు ఆకుల మీద ఆ గట్టి పచ్చ చుక్కలు రావడం మామూలే. మొక్క కొత్త చిగురు వేస్తూ ఉందంటే ఎరువు దానికే పోతోందని అర్థం. లైటు గంటలు పెంచకుండా ఎరువు కొద్దికొద్దిగా ఇస్తే భయపడాల్సింది లేదు.

ప్రశ్న: ఇసుక మీద నీలం కలిసిన ముదురు పచ్చ పొర, దుప్పటిలా లేస్తోంది, బురద కంపు కొడుతోంది. ఎరిత్రోమైసిన్ టాబ్లెట్ నలిపి వేయమని ఫ్రెండ్ చెప్పాడు. – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వద్దండి. అది సయానోబాక్టీరియా, బాక్టీరియానే కాబట్టి యాంటీబయాటిక్‌తో పోతుంది నిజమే, కానీ మనుషుల మందుని ఇలా నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళు డ్రైనేజీలో పారబోస్తే మందుకి లొంగని బాక్టీరియా తయారవుతుంది, ఇసుక మీద పొర కోసం అంత పని చేయక్కర్లేదు. పైపు పెట్టి పొరని నీళ్ళతో సహా లాగేయండి, ఇసుకలో పేరుకున్న మడ్డి కూడా లాగండి, పైన పచ్చ నీళ్ళ జవాబులో చెప్పినట్టే నాలుగు రోజులు చీకట్లో ఉంచండి, తీశాక మళ్ళీ నీళ్ళు మార్చండి. తర్వాత ఫిల్టర్ మూతి ఆ మూలకి తిప్పండి, నీళ్ళు కదలని చోటే ఇది పడుతుంది. మొక్కలు ఎక్కువ, చేపలు తక్కువ ఉన్న ట్యాంక్ అయితే నైట్రేట్ సున్నాకి పడిపోయిందేమో కూడా చూడండి, అదీ ఒక కారణమే.

ప్రశ్న: ఎండకి రోజూ ట్యాంక్‌లో నీళ్ళు తగ్గిపోతున్నాయి, బోరు నీళ్ళు పోస్తూ ఉన్నాం. ఏసీ నుంచి వచ్చే నీళ్ళు డిస్టిల్డ్ వాటర్ లాంటివే కదా, అవి పోయొచ్చా? నాచు కూడా ఎండాకాలమే ఎక్కువ. – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఏసీ నీళ్ళు వద్దమ్మా, అవి రాగి, అల్యూమినియం కాయిల్ మీదుగా దుమ్ముతో సహా కారి వస్తాయి, ష్రింప్‌లుంటే మరీ ప్రమాదం. బోరు నీళ్ళతో కూడా ఇబ్బందే, ఆవిరయ్యేది నీళ్ళే గానీ అందులోని లవణాలు కాదు, రోజూ బోరు నీళ్ళే పోస్తుంటే అవి ట్యాంక్‌లో పెరుగుతూ పోతాయి. తగ్గిన మేరకు పోయడానికి ఇంట్లో తాగే ఆర్వో నీళ్ళు వాడండి, వారం వారం మార్చేటప్పుడు మాత్రం బోరు నీళ్ళే పోసుకోండి, ఆర్వోలోంచి వచ్చే వేస్ట్ వాటర్ అస్సలు వద్దు. నీళ్ళు 32 డిగ్రీలు దాటుతుంటే మూత తీసి పైన చిన్న ఫ్యాన్ తిరిగేలా పెట్టండి, ఆవిరయ్యేటప్పుడు రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తక్కువ ఉంటుంది, మేత కుళ్ళడం తొందరగా అవుతుంది, కాబట్టి ఈ రెండు నెలలు మేత తగ్గించి, లైటు 6 గంటలు దాటనివ్వకండి.

ప్రశ్న: నాచు తింటుందని రెండేళ్ళ కింద వేలెడు సక్కర్ ఫిష్ తెచ్చాం, ఇప్పుడు అడుగు దాటింది. మొక్కలు పీకేస్తోంది, నాచు ముట్టుకోదు. గోదావరి పక్కనే, వదిలేయొచ్చా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయకండి. అది దక్షిణ అమెరికా చేప, ఒంటి మీద ఎముక కవచం ఉండటం వల్ల మన నీళ్ళలో దాన్ని తినేవి తక్కువ, గట్లలో బొరియలు చేసి గుడ్లు పెడుతుంది, వలలో పడితే వల చింపుతుంది. మన దగ్గర చేపల చెరువుల రైతులు డెవిల్ ఫిష్ అని మొత్తుకునేది దీని గురించే. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీళ్ళలో దొరికే డీఎన్‌ఏని బట్టి తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో ఇది ఎక్కడెక్కడికి పాకిందో వెతికారంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో ఆలోచించండి. అవన్నీ ఒకప్పుడు ఎవరో ఒకరు అక్వేరియం కోసం తెచ్చినవే.

పైగా నాచు కోసం దీన్ని తేవడమే దండగ, చిన్నప్పుడు కాస్త తింటుంది, పెరిగాక చేపల మేత మీద పడుతుంది, అది విసర్జించేదానికే ట్యాంక్‌లో నాచు ఇంకా పెరుగుతుంది. గోల్డెన్ ఆల్గే ఈటర్ అని అమ్మేది కూడా వద్దు, పెద్దదయ్యాక మిగతా చేపల ఒంటికి అతుక్కుని జిగురు పీలుస్తుంది. ఇళ్ళలో ఉండే చిన్న ట్యాంక్‌లకి చెర్రీ ష్రింప్‌లు, నెరైట్ నత్తలు చాలు.

ఇప్పుడున్నదాన్ని తెచ్చిన షాపులోనే వెనక్కి తీసుకుంటారేమో అడగండి, లేదా ఆరడుగుల పెద్ద ట్యాంక్ ఉన్నవాళ్ళెవరికైనా ఇవ్వండి, హోటళ్ళలో, ఆఫీసుల్లో అలాంటివి ఉంటాయి, అడిగితే తీసుకునేవాళ్ళున్నారు. ఇచ్చేదాకా ట్యాంక్‌లో ఒక కట్టె ముక్క ఉంచండి, రాత్రి లైటు ఆపాక దోసకాయ ముక్కో ఉడకబెట్టిన గుమ్మడి ముక్కో వేయండి, కడుపు నిండితే మొక్కల జోలికి కాస్త తక్కువ వెళ్తుంది. మిగిలిన ముక్క పొద్దున్నే తీసేయడం మాత్రం మర్చిపోకండి.